పిల్లి కల్చర్ రిపోర్టులో 'రెసిస్టెంట్' అని వచ్చిందా? డాక్టర్‌ని ఏం అడగాలి, ఇంట్లో ఏం చేయాలి

పిల్లికి మానని పుండో, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే మూత్రం ఇన్ఫెక్షనో ఉంటే డాక్టర్ శాంపిల్ తీసి కల్చర్ కోసం, అంటే అందులోని బ్యాక్టీరియాని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూడటానికి, ల్యాబ్‌కి పంపిస్తారు. రెండు మూడు రోజులకి వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది. మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్' అని ఉంటుంది, అంటే రెసిస్టెంట్, ఆ మందుకి బ్యాక్టీరియా లొంగదని. కింద ఎంఆర్‌ఎస్‌ఏ అనో, ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అనో ఒక ముక్క. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వరు, పెద్దవాళ్ళు ఎవరికైనా ఇచ్చేయమంటారు, ఇంకొకరు ఫినాయిల్ పోసి ఇల్లంతా కడిగేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళుండే ఇంట్లో మొదటి రెండూ అక్కర్లేదు. మూడోది పిల్లి ప్రాణానికే ముప్పు.

చేయాల్సినవి వేరే ఉన్నాయి, అవేమంత కష్టమైనవి కావు. రిపోర్టు రాని ఇళ్ళలో కూడా వీటిలో చాలావరకు పాటించదగినవే.

ముందు ఇదేమిటో తెలుసుకోండి

మందుకు లొంగని బ్యాక్టీరియా అంటే ఎక్కువ జబ్బు చేసే బ్యాక్టీరియా అని కాదు. మామూలు దానిలాగే ఇదీ జబ్బు చేస్తుంది. తేడా ఏమిటంటే, మనం రోజూ వాడే మందులు దాని మీద పనిచేయవు. ఇంకో ముఖ్యమైన సంగతి: బ్యాక్టీరియా ఒంటి మీద ఉండటం వేరు, అది జబ్బు చేయడం వేరు. ముక్కులోనో పేగుల్లోనో ఈ బ్యాక్టీరియా ఉండి, పిల్లి హాయిగా తిని తిరుగుతుంటే దానికి మందు అక్కర్లేదు. పుండులో చీము పడితేనో, మూత్రం పోసేటప్పుడు నొప్పితో అరుస్తుంటేనో అది వైద్యం చేయించాల్సిన విషయం.

పిల్లుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. ఒకటి ఎంఆర్‌ఎస్‌ఏ. ఇది చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఒక రకం. మెథిసిలిన్ అనే మందు వాడకంలోకి వచ్చిన కొద్ది కాలానికే, 1961లో, దానికి లొంగని రకాన్ని బ్రిటన్‌లో గుర్తించారు. పెంపుడు పిల్లుల్లో కనబడే ఎంఆర్‌ఎస్‌ఏ చాలావరకు మనుషుల నుంచి వాటికి అంటినదే. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో పనిచేస్తున్నా, ఈమధ్య ఆపరేషన్ అయి వచ్చినా, సెగ్గడ్డలు వస్తూ ఉన్నా ఆ దారిలో వచ్చి ఉండొచ్చు. అందుకే పిల్లిని దోషిగా చూడటం అన్యాయమని నేను గట్టిగా అంటాను. రెండోది ఈఎస్‌బీఎల్. పేగుల్లో ఉండే ఈ.కోలి (E. coli), క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా తయారుచేసే ఒక రకం ఎంజైము ఇది. సెఫ్ట్రయాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మందుల్ని ఇది విరగ్గొట్టేస్తుంది.

మందుకు లొంగకుండా ఉండే ఈ శక్తినిచ్చే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకొక బ్యాక్టీరియాకి పాకుతాయి. కొలిస్టిన్ అనే ఆఖరి వరస మందును పనికిరాకుండా చేసే ఎంసీఆర్-1 జన్యువును చైనాలో 2015లో గుర్తించారు. ఆ తర్వాత గ్వాంగ్‌జౌలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలోని కుక్కల్లో, పిల్లుల్లో, అక్కడ పనిచేసే మనిషిలో కూడా ఆ జన్యువు ఉన్న ఈ.కోలి దొరికింది. మన దేశంలో ఆహారం కోసం పెంచే జంతువులకి కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. మనిషి, పిల్లి, కోళ్ళ ఫారం, మురుగు నీరు, వీటన్నిటి మధ్యా ఈ జన్యువులు తిరుగుతూనే ఉంటాయి.

మొదటి పని: రిపోర్టు దగ్గర పెట్టుకుని చదవండి

రిపోర్టు పైభాగంలో శాంపిల్ ఎక్కడిదో చూడండి. ఇది చాలామంది వదిలేసే లైను. మూత్రమైతే ఎలా తీశారన్నది ముఖ్యం. డాక్టర్ పొట్ట మీద నుంచి సన్నటి సూదితో నేరుగా మూత్రాశయంలోంచి తీసిన మూత్రంలో బ్యాక్టీరియా పెరిగితే దానికి విలువ ఉంది. లిట్టర్ ట్రేలోంచి సిరంజితో పైకి లాగిన మూత్రంలో ఏం పెరిగినా అది ట్రేది కావొచ్చు, పిల్లి తోకది కావొచ్చు. అలాంటి రిపోర్టు పట్టుకుని పెద్ద మందులు మొదలుపెట్టకూడదు. శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తీశారా, తర్వాత తీశారా అన్నదీ గుర్తు చేసుకుని డాక్టర్‌కి చెప్పండి.

తర్వాత పట్టిక. 'ఎస్' అంటే మందు పనిచేసే అవకాశం ఉంది, 'ఆర్' అంటే పనిచేయదు, 'ఐ' అంటే డోసు పెంచితేనో, ఆ మందు ఎక్కువగా చేరే చోటైతేనో పనిచేయొచ్చు. కొన్ని ల్యాబులు ఎంఐసీ అని, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు అని, అంకెలు కూడా ఇస్తాయి. తక్కువ అంకె ఉన్న మందే గొప్పదని అనుకుంటారు. అది తప్పు. ఒక్కో మందుకి కొలబద్ద వేరు కాబట్టి, ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు.

ఆక్సాసిలిన్ గానీ సెఫాక్సిటిన్ గానీ (మెథిసిలిన్ బదులు ల్యాబులు పరీక్షించే మందులు) 'ఆర్' వచ్చిన స్టాఫిలోకాకస్ అయితే అమోక్సిసిలిన్, అమోక్సి-క్లావ్, సెఫలెక్సిన్ కుటుంబం దాదాపు మొత్తం పనికిరాదు. పట్టికలో ఎక్కడైనా అమోక్సి-క్లావ్ పక్కన 'ఎస్' కనబడినా దాన్ని నమ్మకూడదు. రిపోర్టులో పేరు స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అని ఉంటే అది ముఖ్యంగా కుక్కల బ్యాక్టీరియా. ఇంట్లో కుక్క కూడా ఉంటే ఆ మాట డాక్టర్ చెవిన వేయండి.

రెండో పని: అసలు యాంటీబయాటిక్ కావాలా అని అడగండి

ఈ ప్రశ్న అడగటానికి మొహమాటపడతాం. డాక్టర్ ఏమనుకుంటారో అని. మర్యాదగా అడిగితే మంచి డాక్టర్ ఎవరూ తప్పుపట్టరు. "సార్, ఇది బ్యాక్టీరియా వల్లేనా? కొన్ని రోజులు చూడొచ్చా? కల్చర్ చేయించాకే మందు మొదలుపెడితే నష్టం ఉందా?" ఈ మూడూ చాలు. పిల్లుల్లో యాంటీబయాటిక్ అనవసరంగా పడే సందర్భాలు కొన్ని బాగా తెలిసినవే ఉన్నాయి.

తుమ్ములు, కళ్ళ నీళ్ళు, ముక్కు కారడం: వీటికి ఎక్కువసార్లు కారణం హెర్పిస్ వైరస్, కెలిసి వైరస్. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు. పిల్లి చురుగ్గా ఉండి తింటుంటే 10 రోజుల దాకా గమనిస్తూ ఉండొచ్చని 2017లో వచ్చిన అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు చెప్పాయి. జ్వరం, తిండి మానేయడం, నీరసం, వీటికి తోడు ముక్కులోంచి చిక్కగా చీములా కారడం ఉంటే అప్పుడు మందు ఆలోచించాలి. తిండి పూర్తిగా మానేసిన పిల్లిని మాత్రం ఇంట్లో పెట్టుకుని చూస్తూ కూర్చోకండి. తిండి లేకపోతే పిల్లికి లివర్ త్వరగా దెబ్బతింటుంది.

మూత్రం ఇబ్బందులు: మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళడం, రక్తం చుక్కలు, బయట ఎక్కడపడితే అక్కడ పోయడం చూడగానే ఇన్ఫెక్షన్ అనుకుంటాం. పదేళ్ళ లోపు పిల్లుల్లో ఇన్ఫెక్షన్ అరుదు. ఎక్కువ భాగం ఒత్తిడితో ముడిపడిన మూత్రాశయం వాపు. దానికి నీళ్ళు ఎక్కువ తాగించడం, నొప్పి మందు, ఇంట్లో ప్రశాంతత కావాలి. వయసు మళ్ళిన పిల్లి, కిడ్నీ జబ్బు లేదా షుగర్ ఉన్న పిల్లి అయితే ఇన్ఫెక్షన్ అవకాశం ఎక్కువ, కల్చర్ తప్పక చేయించాలి. మూత్రంలో బ్యాక్టీరియా పెరిగినా పిల్లికి ఏ బాధా లేకపోతే మందు వేయకూడదన్నది 2019లో వచ్చిన అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాల మాట. రిపోర్టులో అది మొండి బ్యాక్టీరియా అయినా సరే ఇదే వర్తిస్తుంది. ఇక్కడొక హెచ్చరిక: మగ పిల్లి ముక్కుతూ ఉండి చుక్క మూత్రం రాకపోతే అది అత్యవసరం, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పోట్లాడుకున్నప్పుడు పడ్డ చీముగడ్డ: అసలు వైద్యం గడ్డను కోసి చీము తీసేసి కడగడం. బాగా కారిపోయి, జ్వరం లేని పిల్లికి చాలాసార్లు అదే సరిపోతుంది. పైపై పుండుకి డాక్టర్ చెప్పిన పలచని క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్‌తో శుభ్రం చేస్తే మానేవి చాలా ఉన్నాయి. మందులకు లొంగని స్టాఫిలోకాకస్ కూడా క్లోర్‌హెక్సిడిన్‌కి మామూలుగా లొంగుతుంది. కంట్లో, చెవిలో మాత్రం పడనివ్వకండి.

మెరోపెనెం, లైనెజోలిడ్, వాంకోమైసిన్ లాంటివి రిపోర్టులో 'ఎస్' అని కనబడతాయి. చూసి అవే కావాలని పట్టుబట్టకండి. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే చనిపోయారని అంచనా. ఐసీయూలో మనుషులకి మిగిలిన ఆఖరి మందులివి. వేరే దారి ఏదీ లేదని కల్చర్ తేల్చి, పిల్లి కోలుకునే అవకాశం నిజంగా ఉన్నప్పుడు మాత్రమే డాక్టర్ వాటి గురించి ఆలోచించాలి.

మూడో పని: ఇచ్చే మందును సరిగ్గా ఇవ్వండి

పిల్లికి డాక్సిసైక్లిన్ మాత్ర రాశారనుకోండి. గొంతులో వేసి నోరు మూసి వదిలేస్తే అది అన్నవాహికలో మధ్యలోనే అతుక్కుని అక్కడ పుండు చేయొచ్చు. మానాక ఆ చోటు ముడుచుకుపోయి పిల్లి మింగలేని స్థితికి రావొచ్చు. కాబట్టి సూది లేని సిరంజిలో 5, 6 మి.లీ. నీళ్ళు ముందే సిద్ధంగా పెట్టుకోండి. పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మాత్ర నాలుక వెనక్కి వేశాక, నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు వదలండి. ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్కో గుటకా మింగనిచ్చి, తర్వాత కాస్త తడి ఆహారం పెట్టండి. క్లిండమైసిన్‌కీ ఇదే జాగ్రత్త.

ఎన్‌రోఫ్లోక్సాసిన్ పిల్లులకి రోజుకి కిలో బరువుకి 5 మి.గ్రా. దాటితే కంటిచూపు శాశ్వతంగా పోవచ్చు. కుక్కకి రాసిన మాత్ర సగం విరిచి పిల్లికి వేయడం అందుకే ప్రమాదం. మనుషుల పారాసెటమాల్ అయితే పిల్లి పాలిట విషమే, చిన్న ముక్క కూడా వద్దు.

రెండు వారాలు పనిచేసే సెఫోవెసిన్ ఇంజెక్షన్ మాత్రలు వేయలేని ఇళ్ళకి పెద్ద సౌకర్యం, నిజమే. అయితే అది సెఫ్ట్రయాక్సోన్ తరం మందు. ప్రతి చిన్నదానికీ అది వాడితే పేగుల్లో ఈఎస్‌బీఎల్ రకాలకి మనమే చోటిచ్చినట్టు. మాత్ర వేయగలిగితే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి.

కోర్సు డాక్టర్ ఎన్ని రోజులన్నారో అన్ని రోజులే. మూత్రం ఇన్ఫెక్షన్‌కి ఇప్పుడు 3 నుంచి 5 రోజులే సరిపోతున్నాయి చాలాసార్లు. తగ్గిందని మనమే ఆపడమూ, మంచిదని ఇంకో వారం పొడిగించడమూ రెండూ వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు అసలు వద్దు. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. మూడో తరం సెఫలోస్పోరిన్ల (సెఫ్ట్రయాక్సోన్ తరం) లాంటి మందులు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవి రిజిస్టర్‌లో రాయాలి.

నాలుగో పని: చేతులు, ట్రే, గిన్నెలు

ఇంట్లో ఇది పాకే దారి ఎక్కువగా మన చేతులే. పుండు ముట్టుకున్నాక, ట్రే తీశాక, మందు వేశాక, వంటకి ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. మామూలు సబ్బు చాలు. చేతికి మలినం అంటినప్పుడు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు.

లిట్టర్ ట్రే కడగడం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. మలం, గడ్డకట్టిన ఇసుక రోజూ రెండు పూటలా తీసేయండి. ట్రే ఖాళీ చేసినప్పుడు వంటింటి సింకులో కాకుండా బాత్రూంలోనో పెరట్లోనో కడగండి. ముందు సబ్బునీళ్ళతో మూత్రం జిడ్డు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. తర్వాతే బ్లీచ్. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, దాని మీద బ్లీచ్ పడితే ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. పైగా మురికి ఉన్నచోట బ్లీచ్ బలం చచ్చిపోతుంది. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం దగ్గరగా ఉంటే లీటరు నీళ్ళకి 30 మి.లీ. కలిపి, ట్రే 10 నిమిషాలు తడిగా ఉంచి, బాగా కడిగి, ఎండలో ఆరబెట్టండి. కలిపిన బ్లీచ్ ఏ రోజుది ఆ రోజే వాడాలి. పూర్తిగా ఆరి వాసన పోయాకే పిల్లిని రానివ్వాలి.

ఇక ఫినాయిల్. మన ఇళ్ళలో శుభ్రం అంటే ఆ వాసనే. కానీ ఫినాల్ జాతి రసాయనాల్ని విడగొట్టి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగ్గా పనిచేయదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే అది నేరుగా లోపలికి పోతుంది. నల్ల ఫినాయిల్, పైన్ నూనె ఉండే తెల్ల ఫినాయిల్, క్లోరోజైలెనాల్ ఉన్న డెట్టాల్ లాంటి ద్రావణాలు, ఇవేవీ పిల్లి తిరిగే నేల మీద, ట్రే మీద, దాని పుండు మీద వాడకండి. పనిమనిషికి కూడా ఈ సంగతి విడమరిచి చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ బకెట్లో ఒక మూత పోసేస్తారు.

స్టాఫిలోకాకస్ పొడి వస్తువుల మీద వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతుంది. పిల్లి పడుకునే గుడ్డలు, దిండు గలీబులు వారానికోసారి వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల వేడి నీళ్ళతో ఉతికి మంచి ఎండలో ఆరేయండి. మెషిన్‌లో ఆ సదుపాయం లేకపోతే మరిగిన నీళ్ళలో నానబెట్టి ఉతకండి. పిల్లి గిన్నెలు రోజూ కడగండి, వాటికి వేరే స్క్రబ్బర్ పెట్టండి. గోడలూ ఫ్యాన్లూ తుడిచే పని పెట్టుకోకండి, దానివల్ల ఒరిగేది లేదు.

ఐదో పని: పచ్చి మాంసం ఆపండి

నెదర్లాండ్స్‌లో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో పచ్చి మాంసం ఆహారం తినే పెంపుడు పిల్లుల మలంలో ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియా మామూలు ఆహారం తినేవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడింది. వాళ్ళక్కడ ప్యాకెట్లలో దొరికే గడ్డకట్టిన పచ్చి ఆహారం సంగతి చూశారు. మన దగ్గర చికెన్ షాపు నుంచి తెచ్చే స్కిన్, మెడ ముక్కలు, లివర్, చేపల మార్కెట్‌లో ఇచ్చే తలకాయలు, పచ్చి నెత్తళ్ళు ఆ కోవలోవే. ఫ్రీజర్‌లో పెడితే బ్యాక్టీరియా చావదు, ఆగి ఉంటుంది, అంతే.

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా లోపలి దాకా ఉడికించి పెట్టండి. ఉడికిన ఎముకలు చీలి గుచ్చుకుంటాయి కాబట్టి ఏరేయండి. పిల్లి కోసం కోసిన కత్తి, చెక్క పలక మీదే కూరలు తరగొద్దు. షాపు సంచిని సింకులో పడేసి మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. ఆ సంచి నీళ్ళే వంటిల్లంతా పాకేవి.

ఆరో పని: ఇంట్లో మనుషుల్ని చూసుకోండి

ఆరోగ్యంగా ఉన్న పెద్దలకి, పిల్లలకి భయం తక్కువ. కీమో తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు, మానని పుండ్లున్న షుగర్ రోగులు, పురిటి బిడ్డ ఉంటే జాగ్రత్త పెంచాలి. పిల్లికి ఇన్ఫెక్షన్ తగ్గేదాకా వాళ్ళ పక్కలో పడుకోనివ్వకండి, ముఖం, పుండు నాకనివ్వకండి, ట్రే పని వాళ్ళకి అప్పగించకండి. పిల్లి పుండుని కట్టుతో కప్పి ఉంచండి, కట్టు మార్చేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. వాళ్ళని చూసే డాక్టర్‌కి "ఇంట్లో పిల్లికి ఎంఆర్‌ఎస్‌ఏ వచ్చింది" అని ఒక్క మాట చెప్పి రిపోర్టు చూపించండి. అలాగే ఇంట్లో ఎవరికైనా సెగ్గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముందు వాళ్ళకి వైద్యం జరగాలి. ఆ మూలం తీరితే పిల్లి ముక్కులోని ఎంఆర్‌ఎస్‌ఏ చాలాసార్లు కొన్ని వారాల్లో తనంత తానే వదిలిపోతుంది. దాన్ని పోగొట్టడానికని ఆరోగ్యంగా ఉన్న పిల్లికి యాంటీబయాటిక్ వేయడం సరికాదు. ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ టెస్టులు చేయించనక్కర్లేదు.

మందు వేసేటప్పుడు పిల్లి కరిస్తే సబ్బునీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లి కోర సన్నగా లోతుగా దిగుతుంది, పాశ్చరెల్లా లాంటి బ్యాక్టీరియాని లోపల వదిలేస్తుంది. వేలి కీలు, మణికట్టు మీదైతే ఇంకా తొందరపడాలి. రేబిస్ టీకా సంగతి అక్కడే తేల్చుకోండి. పెంపుడు పిల్లే కదా అని వదిలేయకండి.

ఆ తర్వాత

క్లినిక్‌కి వెళ్ళేముందు ఫోన్ చేసి సంగతి చెప్తే వాళ్ళు మిగతా జంతువులతో కలపకుండా చూస్తారు. ఇన్ఫెక్షన్ తగ్గేదాకా బోర్డింగ్‌కి, గ్రూమింగ్‌కి పంపకండి. కల్చర్ చేసే ల్యాబ్ దగ్గర్లో లేదంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల్లో అడిగి చూడమని మీ డాక్టర్‌తో అనండి. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో దాచండి. ఏ మందు ఎప్పుడు ఎన్ని రోజులు వేశారో తేదీతో రాసి పెట్టుకుంటే తర్వాతి డాక్టర్‌కి సగం పని అయినట్టే.

మిగిలిన మాత్రలు దాచుకోవద్దు, టాయిలెట్లో పోయొద్దు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాల్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే, లీటరుకి 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లోక్సాసిన్ తేలింది. మనిషి ఆ మాత్ర వేసుకుంటే రక్తంలో ఉండే మోతాదుకంటే అది ఎక్కువ. మన ఇంటి నాలుగు మాత్రలు అంత పని చేయవు గానీ, మన నీళ్ళు మోసే బరువు ఇప్పటికే చాలా ఉంది. మాత్రల్ని స్ట్రిప్‌తో సహా క్లినిక్‌కి తీసుకెళ్ళి, వాళ్ళ బయోమెడికల్ చెత్తలో వేయగలరేమో అడగండి.